డిగ్రీ చదువు రోజులలోనే న్యాయవిద్యకు సిద్ధపాటు
(ఆమదాలవలస సంఘ యౌవనస్థుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



న్యాయవాద వృత్తిలో ఉన్న కొద్దిమందిమి కలిసి ఈ మాటలను సిద్ధము చేసినాము గనుక ఇందులో "మేము" అన్నప్పుడెల్లా మా అందరి మాటగా తీసుకొనవలెనని మనవి. మాకిచ్చిన అంశము, డిగ్రీ చదువుచున్న పిల్లలు లా చదువుకు ఏ విధముగా సిద్ధపడవలెనన్నది. చాలమంది ఈ ప్రశ్నను డిగ్రీ పూర్తియైన తరువాత, మార్కుల కాగితము చేతికి వచ్చిన తరువాత అడుగుచున్నారు. అప్పటికి మూడు సంవత్సరములు గడచిపోవును. లా కోర్సు మూడేండ్లు, దానికి ముందున్న డిగ్రీ మూడేండ్లు. ఈ ఆరింటిలో మొదటి మూడే మనిషిని వకీలుగా తయారుచేయునని మా అభిప్రాయము. అది ఎట్లన్నది చెప్పుటకే వచ్చినాము.

మన ఇండ్లలో రెండు మాటలు వినబడును. "ఏ ఉద్యోగమూ రానోడు లా చదువుతాడు" అన్నది మొదటిది. "మనింట్లో ప్లీడర్లు ఎవరున్నారు బాబూ, మనకేటి ఆ చదువు" అన్నది రెండవది. మొదటి మాటలో కొంత నిజము లేకపోలేదు. ఆ విధముగా చేరినవారు ఉన్నారు, వారిలో అనేకులు కోటు కుట్టించుకొని రెండేండ్లలో మరియొక పనిలోనికి పోయినారు. రెండవ మాట మాత్రము పూర్తిగా తప్పు. అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారు నెల్లూరు జిల్లా పూడూరు గ్రామములో ఒక అర్చకుని కుమారుడు. 1899లో మెట్రిక్యులేషను ప్యాసై మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చరిత్ర చదివినారు. చరిత్ర చదువుచునే తీరిక వేళలలో లా తరగతులకు పోయి కూర్చుండేవారు. తరువాత బి.ఎల్. ప్యాసై, మద్రాసు అడ్వకేట్ జనరలై, భారత రాజ్యాంగ రచనా సంఘములో సభ్యులైనారు. ఆయన చదివినది మిషనరీల కళాశాల గనుక మన సావనీరులో ఆయన పేరు చెప్పుకొనుటకు మనకు కొంత హక్కు ఉన్నదనుకొనుచున్నాము.

ఏ డిగ్రీ చదివిన లాకు మంచిది అని అడుగుదురు. ఏ డిగ్రీ అయినను ఫరవాలేదు. అల్లాడి వారిది చరిత్ర. దామోదరం సంజీవయ్య గారిది గణితము. కర్నూలు జిల్లా పెదపాడులో నిరుపేద దళిత కుటుంబములో పుట్టి, మద్రాసు లా కళాశాలలో 1948లో పట్టా పొంది, 1960లో ముఖ్యమంత్రి అయినారు. విశాఖపట్నము దగ్గర సబ్బవరములోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయమునకు ఆయన పేరే పెట్టినారు. 2021లో భారత ప్రధాన న్యాయమూర్తియైన ఎన్.వి. రమణ గారు అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరము రైతు బిడ్డ, బి.ఎస్సీ. చదివి లాకు వచ్చినవారు. అమెరికాలో డిగ్రీ లేనిదే సాధారణముగా లా కళాశాలలో చేర్చుకొనరు. అయినను ఫలానా సబ్జెక్టే చదువవలెనని అక్కడి బార్ అసోసియేషను కూడ చెప్పుట లేదు. కాబట్టి బి.కాం. చదువుచున్న పిల్లవాడు "అయ్యో, పొలిటికల్ సైన్సు తీసుకొనకపోతినే" అని విచారింపనక్కరలేదు. లెక్కల పుస్తకములు చదువగలిగిన వకీలు చెక్కుల కేసులలోను, భాగస్వామ్యపు తగాదాలలోను ఇతరులకంటె ముందుండును.

విశ్వాసులలో మరియొక సందేహము కలదు. సహోదరుల మధ్య తగవు సంఘములోనే తీర్చుకొనవలెనని కొరింథీయులకు వ్రాసిన పత్రికలో ఉన్నది గదా, మన పిల్లలు కోర్టు చదువు చదువవచ్చునా అని. ఆ పత్రిక వ్రాసిన పౌలే రోమా పౌరుడనని చెప్పి కొరడా దెబ్బలు తప్పించుకొన్నాడు, న్యాయము జరుగదని తోచినప్పుడు కైసరు ఎదుటికి పోవుటకు తన హక్కును వాడుకొన్నాడు. హక్కు తెలిసియుండుట వేరు, తగవులమారితనము వేరు. ఇంతకంటె ఎక్కువ చెప్పుట కాపరి గారి పని.

ఇక అర్హతల సంగతి త్వరగా చెప్పి ముందుకు పోవుదము. మూడేండ్ల ఎల్.ఎల్.బి.కి డిగ్రీలో ఓ.సి. వారికి 45 శాతము, బి.సి. వారికి 42, ఎస్.సి., ఎస్.టి. వారికి 40 శాతము మార్కులుండవలెను. మొదటి సంవత్సరములో అశ్రద్ధ చేసి 43 దగ్గర ఆగిపోయిన ఓ.సి. విద్యార్థికి తరువాత ఎంత తెలివి ఉన్నను ప్రయోజనము లేదు. ఇంటర్మీడియట్ లేకుండ సార్వత్రిక విశ్వవిద్యాలయములో నేరుగా డిగ్రీ చేసినవారు బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారము అర్హులు కారు. పదవ తరగతి, ఇంటరు వరుసగా చదివి డిగ్రీ మాత్రము దూరవిద్యలో చేసినవారికి ఈ చిక్కు లేదు. ఉద్యోగము చేసుకొనుచు చదివిన పెద్దలు మన సంఘములలో ఉన్నారు గనుక ఇది ప్రత్యేకముగా చెప్పుచున్నాము. షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైన వారికి, వారి సంతతికి మన రాష్ట్రములో బి.సి.–సి తరగతి క్రింద ఒక శాతము రిజర్వేషను కలదు. ఆ ధ్రువపత్రము ఏ పేరుతో ఏ తరగతి క్రింద ఉన్నదో డిగ్రీ రోజులలోనే సరిచూచుకొనవలెను. కౌన్సెలింగునకు రెండు దినముల ముందు తహసీల్దారు కార్యాలయము చుట్టు తిరుగుట మంచిది కాదు.

ప్రవేశ పరీక్ష లాసెట్. డిగ్రీ చివరి సంవత్సరములో ఉన్నవారు కూడ దరఖాస్తు చేయవచ్చును. తొంబది నిమిషములలో 120 ప్రశ్నలు. ముప్పది సాధారణ జ్ఞానము, ముప్పది వర్తమాన వ్యవహారములు, మిగిలిన అరువది న్యాయ అధ్యయనమునకు తగిన ఆలోచన ఉన్నదా అని పరీక్షించునవి. ఇంటరు ముగించి వెంటనే అయిదేండ్ల కోర్సులో చేరదలచినవారికి వేరుగా లాసెట్ ఉన్నది. సబ్బవరము వంటి జాతీయ విశ్వవిద్యాలయములకు క్లాట్ వ్రాయవలెను. ఇంటరు చదువుచున్న పిల్లలున్నవారు దానిని చూచుకొనగలరు. ఆ దారి తప్పిపోయినదని డిగ్రీ పిల్లలు చిన్నబుచ్చుకొననక్కరలేదు. ఏ దారిన వచ్చినను బోను ముందు నిలుచున్నప్పుడు న్యాయమూర్తి ఆ సంగతి అడుగడు.

లాసెట్ కొరకు రెండు నెలలు గైడు చదివిన సీటు రావచ్చును. సీటు వచ్చిన తరువాతనే కష్టము మొదలగును. మొదటి నెలలో చేతికి ఒక తీర్పు ఇత్తురు. నలుబది పుటలు, ఇంగ్లీషు, వాక్యము ఒకచోట మొదలై అరపుట తరువాత ముగియును. ఇక్కడనే మన పిల్లలు జారిపోవుచున్నారు. దీనికి మందు డిగ్రీ రోజులలోనే తీర్పులు చదువుట. సుప్రీంకోర్టు తీర్పులు 2023 నుండి ఈ–ఎస్.సి.ఆర్. అను వెబ్‌సైటులో ఉచితముగా దొరకుచున్నవి, కొన్నింటికి తెలుగు అనువాదములును ఉన్నవి. చట్టములన్నియు ఇండియా కోడ్ అను ప్రభుత్వ సైటులో ఉన్నవి. ఒకప్పుడు పుస్తకము కొరకు విశాఖపట్నము రైలెక్కవలసి వచ్చెడిది. ఇప్పుడు శ్రీకాకుళం రోడ్ స్టేషను బల్ల మీద కూర్చుండి ఫోనులో చదువుకొనవచ్చును.

ఏ తీర్పుతో మొదలుపెట్టవలెను? మేము సూచించునది బిజో ఇమ్మానుయేల్ కేసు. చిన్నది, కథ స్పష్టముగా ఉండును, వ్రాసినవారు మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి గారు. కేరళలో యెహోవా సాక్షుల కుటుంబమునకు చెందిన ముగ్గురు పిల్లలు బడిలో జాతీయగీతము పాడునప్పుడు మర్యాదగా లేచి నిలుచుండేవారు గాని పాడేవారు కారు. 1985 జూలైలో వారిని బడినుండి పంపివేసినారు. హైకోర్టు పిల్లల మొర త్రోసివేసినది. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ పిల్లలను తిరిగి చేర్చుకొనవలెనని తీర్పు చెప్పినది. చదువునప్పుడు నాలుగు సంగతులు నోటుబుక్కులో సొంత మాటలలో వ్రాయవలెను: ఏమి జరిగినది, కోర్టు ముందున్న ప్రశ్న ఏది, జవాబు ఏది, ఆ జవాబుకు కారణమేమి. ఈ నాలుగవది కష్టము. కోర్టు ఆ పిల్లల నమ్మకము సరియైనదని చెప్పలేదు. ఆ సిద్ధాంతము మన సంఘముల సిద్ధాంతమును కాదు. అది నిజముగా మనస్సాక్షితో నమ్మినదా, పాడి తీరవలెనని ఏ చట్టమైన ఉన్నదా, ఈ రెండే చూచినది. "మతస్వేచ్ఛ గెలిచినది" అని ఒక్క వాక్యము వ్రాసి ఊరుకొన్న విద్యార్థికి తీర్పు అర్థము కాలేదన్నమాట.

రెండవది మన ఉత్తరాంధ్ర కేసు, సమత కేసు. 1997 జూలై 11 నాటిది. విశాఖ మన్యములోని అనంతగిరి ప్రాంతములో గిరిజన భూములను ప్రభుత్వము ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇచ్చినది. షెడ్యూల్డు ప్రాంతములలో ఏ "వ్యక్తి" గాని గిరిజనేతరునికి భూమి బదలాయింపరాదని 1959 నాటి మొదటి రెగ్యులేషను, దాని 1970 సవరణ చెప్పుచున్నవి. ఆ వ్యక్తి అన్న మాటలో ప్రభుత్వము వచ్చునా రాదా? మొత్తము వ్యాజ్యమునకు ఇది ఇరుసు వంటిది. వచ్చునని ఇద్దరు న్యాయమూర్తులు చెప్పినారు, లీజులు చెల్లలేదు. మూడవ న్యాయమూర్తి ఒప్పుకొనలేదు. చదువువారు ఆయన వ్రాసినదియు తప్పక చదువవలెను, ఓడిన వాదము చదివిననే గెలిచిన వాదము బలము తెలియును. ఇది పెద్ద తీర్పు, మొదటిసారి నెల పట్టినను తప్పులేదు. ఒక్క మాటకు ఎన్ని ఎకరములు వ్రేలాడునో చూచిన పిల్లవాడు ఆ తరువాత ఏ కాగితమును పై పైన చదువడు.

వారమునకొక తీర్పు అక్కరలేదు. మూడేండ్లలో ఇరువది చాలును. చదివిన దానిని ఆ రాత్రి ఇంటిలో అమ్మకు తెలుగులో చెప్పవలెను. ఆమెకు అర్థమైనదా, మీకు అర్థమైనట్లే.

ఇంగ్లీషు సంగతి చెప్పితిమి, తెలుగు సంగతి ఎవరును చెప్పరు. హైకోర్టు భాష ఇంగ్లీషే గాని, శ్రీకాకుళము కోర్టులో బోనెక్కు సాక్షి తెలుగు మాటలాడును; అదియును పుస్తకాల తెలుగు కాదు. సరుబుజ్జిలి, బూర్జ, పొందూరు గ్రామములనుండి వచ్చిన రైతు "నాను సూడ్నేదు బాబూ, ఆ యేల నాను కల్లంలో ఉన్నాను" అనును. గరువు ఏది, పల్లము ఏది, మదుము ఎవరి గట్టున ఉన్నది అన్నది తెలియని వకీలు పెద్ద నగరములో చదివివచ్చినను ఆ సాక్షిని సరిగా ప్రశ్నింపలేడు. మన పిల్లలు తమ మాటను చూచి సిగ్గుపడుచున్నారు. ఆ మాటయే రేపు వారి పెట్టుబడి కావచ్చును.

దానితోపాటు ఇంటి కాగితములు. మీ ఇంట ట్రంకు పెట్టెలో గుడ్డలో చుట్టి ఉంచిన దస్తావేజులు ఉండును. పెద్దల అనుమతితో వాటిని విప్పి చదువుడి. పట్టాదారు పాసుపుస్తకము, అడంగలు, 1–బి, సబ్ రిజిస్ట్రారు ఇచ్చు ఇ.సి., వీటిలో ఏది హక్కును చూపును, ఏది అనుభవమును చూపును, ఏది భూమి మీద అప్పున్నదో లేదో చెప్పును? మన ప్రాంతములో అధికభాగము ఒకప్పుడు జమీందారీ. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము తరువాత సర్వే చేసి పట్టాలు ఇచ్చినారు, ఈనాం భూములకు 1956లో మరియొక చట్టము వచ్చినది. అందుచేతనే మన కోర్టులలో భూమి తగాదా వచ్చినప్పుడు "సెటిల్‌మెంటు ఫెయిర్ అడంగలు ఏమి చెప్పుచున్నది" అని అడుగుదురు. డిగ్రీ విద్యార్థి ఈ ఒక్క కాగితము చదువ నేర్చుకొన్న చాలును, చుట్టాలలో సగము మంది అతని దగ్గరకు వత్తురు. వచ్చినప్పుడు సలహా ఇచ్చుటకు తొందరపడరాదు, పట్టా పుచ్చుకొని బార్ కౌన్సిలులో పేరు నమోదయ్యే వరకు వినుట, చదువుట మాత్రమే.

కోర్టుకు పోయి కూర్చుండుట గూర్చి ఒక మాట. విచారణ బహిరంగముగా జరుగవలెనన్నది చట్టము. అత్యాచారపు కేసులు, కొన్ని కుటుంబ వ్యాజ్యములు వంటివి తప్ప మిగిలిన వాటిని ఎవరైనను వెనుక బల్ల మీద కూర్చుండి చూడవచ్చును. సెలవులలో నాలుగు దినములు వరుసగా పోవలెను. ఫోను కట్టివేసి, కోర్టు లేచినప్పుడు లేచి, కూర్చున్నప్పుడు కూర్చుండవలెను. మొదటి దినము నిరాశ కలుగును. సినిమాలో వలె ఎవరును అరువరు. పేరు పిలుచుట, వాయిదా వేయుట, మరల పేరు పిలుచుట. రెండవ దినము వాయిదా ఎందుకు పడుచున్నదో కనబడును: సాక్షి రాలేదు, సమను అందలేదు, కాపీలు ఇయ్యలేదు. మూడవ దినమునకు ఒక మంచి క్రాస్ ఎగ్జామినేషను దొరకును. ఇది చూచిన తరువాత కూడ ఈ పని ఇష్టమనిపించినదా, అప్పుడు లాసెట్ దరఖాస్తు చేయవలెను. ఇష్టము లేదనిపించిన, నాలుగు దినముల బస్సు చార్జీలతో మూడేండ్లు మిగిలినవి.

పాత పుస్తకముల విషయములో జాగ్రత్త. అన్నయ్యలు ఇచ్చిన ఐ.పి.సి. పుస్తకములు పదిలపరచి చదువుచున్న పిల్లలున్నారు. 1860 నాటి శిక్షాస్మృతి, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు, 1872 నాటి సాక్ష్య చట్టము, ఈ మూడింటి స్థానములో 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినవి. హత్యకు 302 అని మనందరికి నోటికి వచ్చిన సంఖ్య ఇప్పుడు 103. అంతకుముందు జరిగిన నేరముల కేసులు పాత శిక్షాస్మృతి క్రిందనే నడచుచున్నవి గనుక రెండును తెలియవలెను, కాని కొత్తది ముందు చదువవలెను. రాజ్యాంగము, కాంట్రాక్టు చట్టము, ఆస్తి బదలాయింపు చట్టము పాతవియైనను పనికివచ్చును, సవరణలు చూచుకొనిన చాలును.

డబ్బు సంగతి తల్లిదండ్రుల ముందు దాపరికము లేకుండ చెప్పవలసియున్నది. ఇరువది యొకటవ ఏట డిగ్రీ, ఇరువది నాలుగవ ఏట ఎల్.ఎల్.బి. ఆ తరువాత ఎన్‌రోల్‌మెంటు. దీనికి రాష్ట్ర బార్ కౌన్సిళ్లు జనరల్ వారివద్ద 750 రూపాయలు, ఎస్.సి., ఎస్.టి. వారివద్ద 125 రూపాయలకు మించి వసూలు చేయరాదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు చెప్పినది. అప్పుడు అఖిల భారత బార్ పరీక్ష. దానిని తెలుగులోను వ్రాయవచ్చును. అప్పుడు సీనియరు వద్ద జూనియరుగా చేరుట. ఈ జూనియరు కాలమే కుటుంబములను కలతపెట్టుచున్నది. మొదటి రెండు మూడేండ్లు చేతికి వచ్చునది బస్సు చార్జీలకును భోజనమునకును సరిపోవుట కష్టము. జూనియర్లకు పట్టణములలో నెలకు 20 వేలు, గ్రామ ప్రాంతములలో 15 వేలు ఇయ్యవలెనని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించినది, సూచన మాత్రమే. 2019లో మన రాష్ట్ర ప్రభుత్వము జూనియర్లకు నెలకు 5 వేల రూపాయల పథకము పెట్టినది. ఇటువంటివి ప్రభుత్వములతో మారిపోవును గనుక వాటి మీద ఇల్లు కట్టరాదు. జడ్జి పరీక్ష వ్రాయుదమన్నను, సివిల్ జడ్జి ఉద్యోగమునకు మూడేండ్ల ప్రాక్టీసు ఉండవలెనని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. నోటిఫికేషను వచ్చినప్పుడు అందులోని షరతు చూచుకొనవలెను. అనగా ఇరువది యేడు, ఇరువది యెనిమిది ఏండ్ల వరకు ఇంటిమీద ఆధారపడు చదువు ఇది. సంబంధాలు చూచువారు, తమ్ముళ్లను చదివింపవలసినవారు ఈ లెక్క ముందే వేసికొనవలెను. డిగ్రీ రోజులలో ట్యూషన్లు చెప్పియో, డి.టి.పి. నేర్చుకొనియో ఎంతో కొంత సంపాదించుట అలవరచుకొన్న పిల్లలు ఈ కాలమును తట్టుకొనుచున్నారు; తెలుగు, ఇంగ్లీషు రెండింటిలో టైపు వచ్చిన జూనియరును ఏ సీనియరును వదలుకొనడు.

ఆడపిల్లల గూర్చి "కోర్టు చుట్టూ మగవాళ్లే, అమ్మాయిని ఎట్లా పంపుతాము" అని తల్లులు అనుచున్నారు. భరణము, గృహహింస, పిల్లల సంరక్షణ కేసులలో కక్షిదారులుగా వచ్చువారిలో అధికులు స్త్రీలు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము ఆదాయముతో నిమిత్తము లేకుండ ప్రతి స్త్రీకి ఉచిత న్యాయ సహాయము పొందు హక్కు ఉన్నది. ఆ స్త్రీ తన ఇంటి సంగతి నలుగురు మగవారి ముందు చెప్పలేక సగము దాచుకొనును, దాచిన సగములోనే కేసు ఉండును. మన అమ్మాయిలు ఈ వృత్తికి అక్కరలేదనువారు ముందు ఆ బల్ల దగ్గర ఒక పూట కూర్చుండి చూడవలెను.

కళాశాల ఎంపికలో విశాఖపట్నము ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ న్యాయ కళాశాల మన ప్రాంతమునకు మొదటినుండి తెలిసినది. విజయనగరములోను లా కళాశాల ఉన్నది. "హాజరు అక్కరలేదు, పరీక్షకు వచ్చిన చాలు" అని ఎవరైన చెప్పిన, ఆ చోటికి పోవద్దు. బార్ కౌన్సిల్ నిబంధన ప్రకారము 70 శాతము హాజరు ఉండవలెను.

"సీనియరును ఎట్లా వెదకాలి, మాకెవరూ తెలియదు" అన్న ప్రశ్న తరచు వచ్చుచున్నది. తెలిసినవారు అక్కరలేదు. కోర్టులో కూర్చున్న ఆ నాలుగు దినములలోనే గమనింపుడి: ఎవరు వేళకు వచ్చుచున్నారు, ఎవరి ఫైళ్లు చక్కగా కట్టి ఉన్నవి, ఎవరు తమ కక్షిదారునితో వసారాలో నిలిచి అతనికి తెలిసిన మాటలలో ఆ దినము ఏమి జరిగినదో చెప్పుచున్నారు. అటువంటివారి గుమాస్తాను ముందు పలుకరింపవలెను. ఆఫీసు ఎన్ని గంటలకు తెరుతురో, లా చదువు పిల్లలను సెలవులలో కూర్చుండనిత్తురో లేదో ఆయనకే తెలియును.